డబ్బు కట్టి కొన్న గేమును కంపెనీ ఆపేసింది. ఇప్పుడు క్రాక్ కాపీ దింపుకుంటే తప్పా?

స్టీరింగ్_శేషు
కొన్నేళ్ల క్రితం ఒక కార్ల పందెం గేము కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, చెబితే చర్చంతా దాని మీదికే పోతుంది. పండగ తగ్గింపులో కూడా కాదు, పూర్తి ధర పెట్టి కొన్నాను. ఈమధ్య తెరిస్తే 'ఈ సేవ ఇక అందుబాటులో లేదు' అని ఒక్క వాక్యం కనిపిస్తోంది, అంతే. ఒంటరిగా ఆడుకునే భాగం కూడా సర్వరుతో మాట్లాడితే తప్ప మొదలు కాదట. సహాయ విభాగానికి రాశాను. మీరు కొన్నది గేము కాదు, ఆడుకునే అనుమతి, దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని మీరే ఒప్పుకున్నారు అని చాలా మర్యాదగా జవాబిచ్చారు. డబ్బు వాపసు లేదు.

సర్వరు అవసరం లేకుండా నడిచేలా ఎవరో మార్చిన కాపీ ఒకటి ఇంటర్నెట్టులో తిరుగుతోంది. మా తమ్ముడు 'నువ్వు డబ్బు కట్టావు, ఇంకా ఆలోచన ఎందుకు' అంటాడు. మా ఆవిడ 'దొంగ సరుకు ఇంట్లోకి తేవద్దు' అంటుంది. మీరేమంటారు? లింకులు అడగడం లేదు, న్యాయం అడుగుతున్నాను.

అర్ధరాత్రి_ఆటగాడు
దింపుకోండి. ఇల్లు అమ్మిన బిల్డరు నాలుగేళ్ల తర్వాత వచ్చి మెట్లు పీక్కుపోతే, నిచ్చెన వేసుకుని ఎక్కినవాడిని దొంగ అంటామా?

నిర్వాహకుడు
ముందుగానే చెబుతున్నాను. సైట్ల పేర్లు, లింకులు, 'విడిగా సందేశం పెట్టండి' లాంటివి కనిపిస్తే తీసేస్తాను. మిగతా కొట్లాట మీ ఇష్టం.

పాత_సీడీ
శేషు గారూ, 'ది క్రూ' కొన్నవాళ్లకు సరిగ్గా ఇదే జరిగింది. యూబీసాఫ్ట్ 2014లో విడుదల చేసిన కార్ల గేము అది. 2023 డిసెంబరులో అమ్మకం ఆపారు, 2024 మార్చి 31న సర్వర్లు మూశారు. అక్కడితో ఆగకుండా కొన్నవాళ్ల ఖాతాల్లోంచి లైసెన్సులు కూడా తీసేశారు. డిస్కు కొన్నవాడికి మిగిలింది డబ్బా మీది బొమ్మ.

దాని మీదే రాస్ స్కాట్ అనే యూట్యూబరు 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం మొదలుపెట్టాడు. ఐరోపా సమాఖ్యకు పెట్టిన పౌర విజ్ఞప్తి మీద 2025 జులైకల్లా పది లక్షల సంతకాలు దాటాయి. సర్వర్లు కలకాలం నడపమని వాళ్లు అడగడం లేదు. మూసేసి వెళ్లేటప్పుడు, కొన్నవాడు సొంతంగా నడుపుకునే దారి ఒకటి వదిలి వెళ్లమంటున్నారు. ఇందులో గొంతెమ్మ కోరిక ఏముందో నాకైతే అర్థం కాదు.

హాస్టల్_గది_14
కొన్నది సొంతం కానప్పుడు, కాపీ చేసుకోవడం దొంగతనం ఎలా అవుతుంది? నాది ఒకటే ప్రశ్న.

కామేశం_కోడ్
ఆ నినాదం చొక్కాల మీద అచ్చు వేయించుకోవడానికి బాగుంటుంది.

నేను హైదరాబాదులో ఒక చిన్న గేముల సంస్థలో పనిచేస్తాను. ఒక అద్దె ఫ్లాట్లో కొద్దిమందిమి. శేషు గారి సంగతి వేరు, ఆయన డబ్బు కట్టారు, ఆయన పక్షమే నేనూ. కానీ ఈ నినాదం పలికేవాళ్లలో ఎక్కువమంది దింపుకునేది మూతపడిన గేములు కాదు, నిన్న విడుదలైనవి. మా మొదటి గేము స్టీము అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో పెట్టిన కొద్ది రోజులకే ఒక సైటులో ప్రత్యక్షమైంది. దానికి సర్వరు లేదు, కాపీ చేయనివ్వని తాళం లేదు, ఖాతా తెరవమనే గొడవ లేదు. ధర ఒక ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ కంటే తక్కువ. మేము ఎవరి దగ్గరా ఏమీ లాక్కోలేదు. మరి మా మీద ఏ పగ తీర్చుకున్నారు?

హాస్టల్_గది_14
స్తోమత లేనివాడు దింపుకుంటే మీకు పోయిందేమిటి అన్నా? వాడు ఎలాగూ కొనేవాడు కాదు కదా.

కామేశం_కోడ్
'ఎలాగూ కొనేవాడు కాదు' అన్నది దింపుకునేవాడు తన గురించి తానే రాసుకునే ధ్రువపత్రం. దాని మీద తహసీల్దారు సంతకం ఉండదు.

అర్ధరాత్రి_ఆటగాడు
తహసీల్దారు సంతకం పెడితే ఉచితంగా ఇస్తారా? రేపే మీసేవకు వెళతాను.

కామేశం_కోడ్
రేషను కార్డు నకలు కూడా జతచేయండి.

హాస్యం పక్కన పెడితే, 2013లో గ్రీన్‌హార్ట్ గేమ్స్ అని ఇద్దరు అన్నదమ్ముల సంస్థ ఒక పని చేసింది. గేముల కంపెనీ నడపడమే ఆటగా 'గేమ్ డెవ్ టైకూన్' తయారుచేశారు. విడుదల రోజున తామే ఒక క్రాక్ కాపీని టొరెంట్లలో వదిలారు. అందులో చిన్న మెలిక ఉంది. ఆటలో మీ కంపెనీ కాస్త ఎదగగానే, జనం మీ గేములను కాపీ చేసుకుంటున్నారన్న సందేశం వస్తుంది, ఆదాయం ఎండిపోయి కంపెనీ దివాలా తీస్తుంది. దొంగ కాపీ ఆడినవాళ్లే 'ఇదేమి అన్యాయం, పైరసీ ఆపే మార్గం లేదా' అని ఇంటర్నెట్టులో గోల పెట్టారు. మొదటి రోజు ఆడినవాళ్లలో కొన్నవారు 214 మంది. దింపుకున్నవారు కనీసం 3,104 మంది. ధర 8 డాలర్లు. అది కొనలేని పేదలు అంతమంది ఒకే రోజున వచ్చిపడ్డారా?

న్యూజెర్సీ_నాని
కామేశం గారూ, ఆ 3,104 మందిలో పైరసీ లేకుంటే ఎంతమంది కొనేవారో ఆ అన్నదమ్ములకూ తెలియదు, మీకూ తెలియదు. ఐరోపా కమిషన్ ఇదే తేల్చమని ఎకోరిస్ అనే సంస్థకు అధ్యయనం అప్పగించింది. 2015లో పూర్తయిన నివేదికను కదలకుండా పెట్టుకుంటే, జూలియా రెడా అనే పార్లమెంటు సభ్యురాలు పట్టుబట్టడంతో 2017లో బయటికి వచ్చింది. కొత్తగా వచ్చిన పెద్ద సినిమాలను మినహాయిస్తే, పైరసీ వల్ల అమ్మకాలు తగ్గాయని గట్టిగా చెప్పే ఆధారం దొరకలేదని అందులో ఉంది. గేములకైతే కొంత మేలే జరిగి ఉండవచ్చన్నారు.

కామేశం_కోడ్
ఆ నివేదికలోనే ఇంకో వాక్యం ఉంది. ప్రభావం లేదని దీని అర్థం కాదు, ఉందని గణాంకాలు నమ్మకంగా నిరూపించలేకపోయాయి అని మాత్రమే. ఆ వాక్యాన్ని ఎవరూ దింపుకోరు.

పాత_సీడీ
👏 ఇది మాత్రం బాగుంది.

హాస్టల్_గది_14
నాకు గణాంకాలు తెలియవు. బీటెక్ రెండో సంవత్సరం. ఇంటి నుంచి వచ్చే డబ్బు మెస్సుకు, రీఛార్జికి సరిపోతే గొప్ప. పెద్ద కంపెనీల కొత్త గేము కొనాలంటే 4,000, 5,000 రూపాయలు. ప్లేస్టేషన్ 5 వచ్చినప్పుడు సోనీ సొంత గేముల ధర ఇక్కడ 4,999 పెట్టారు. అమెరికాలో 70 డాలర్లు. అక్కడ అది ఒక రోజు కూలి కూడా కాదేమో, ఇక్కడ మా నాన్నకు వారం పైన. ఒకే గేముకు ఇద్దరినీ ఒకే లెక్కలో అడిగితే ఎలా?

న్యూజెర్సీ_నాని
తమ్ముడూ, ధర అన్యాయమన్న మాట నిజం. స్టీము వాళ్ల గేబ్ న్యూవెల్ 2011లోనే అన్నాడు, పైరసీ దాదాపు ఎప్పుడూ ధర సమస్య కాదు, సేవ సమస్య అని. నాకైతే అది సగమే నిజమనిపిస్తుంది. నేను గుంటూరులో చదువుకునే రోజుల్లో స్టీములో ధరలు డాలర్లలో ఉండేవి, విదేశాల్లో చెల్లే కార్డు ఉండాలి. ఆ కార్డు మా వీధిలో ఎవరికీ లేదు. 2015 నవంబరులో రూపాయల ధరలు వచ్చాయి, తర్వాత యూపీఐ వచ్చింది. అప్పటిదాకా ఒక్క గేమూ కొనని నా స్నేహితులు ఇప్పుడు వేసవి తగ్గింపు కోసం కాచుకుని కూర్చుంటున్నారు. వాళ్ల నీతి మారలేదు, చెల్లించే దారి మారింది.

కానీ ఒకటి చెప్పు. 4,999 కట్టలేకపోతే ఆ గేము ఆడకుండా ఉండవచ్చు కదా? ఎపిక్ అనే ఇంకో గేముల దుకాణం వాళ్లు 2018 చివరి నుంచి ఉచితంగా గేములు ఇస్తూనే ఉన్నారు. 2020 మేలో జీటీఏ 5ను కూడా ఇచ్చారు, జనం ఎగబడి వాళ్ల దుకాణమే కాసేపు పడిపోయింది. మందు దొరకక చచ్చిపోతున్నాను అన్నట్టుగా గేము గురించి మాట్లాడితే నాకు నవ్వు వస్తుంది.

హాస్టల్_గది_14
అమెరికా నుంచి నవ్వడం తేలిక నాని గారూ.

న్యూజెర్సీ_నాని
సరే, ఆ దెబ్బ తగిలింది.

పాత_సీడీ
చెల్లించే దారి గురించి నాని గారు అన్నదానికి నా వంతు. 2000ల మొదట్లో సికింద్రాబాదు పార్క్‌లేన్ చుట్టుపక్కల తిరిగినవాళ్లకు తెలుసు, వైస్ సిటీ గానీ ఐజీఐ గానీ, ఆ గేములను అసలు డబ్బాలో చూసినవాళ్లు ఎంతమంది? ప్లాస్టిక్ కవరులో సీడీ, మీద స్కెచ్ పెన్నుతో పేరు. అసలు కాపీ ఎక్కడ దొరుకుతుందో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు.

పోలెండులోనూ పరిస్థితి అంతే. వార్సా సంతలో కాపీ గేములు బల్ల మీద పరిచి అమ్మేవారు. అలా అమ్మిన కుర్రాళ్లలో ఒకడు మార్చిన్ ఇవిన్‌స్కీ. 1994లో స్నేహితుడితో కలిసి సీడీ ప్రాజెక్ట్ పెట్టి, అసలు గేములను దిగుమతి చేయడం మొదలుపెట్టాడు. సంతలో చవక కాపీ ఉండగా అసలుది ఎవడు కొంటాడు? 1999లో 'బాల్డర్స్ గేట్' తెచ్చినప్పుడు వాళ్లు ధర తగ్గించి ఊరుకోలేదు. గేము మొత్తాన్ని పోలిష్ భాషలోకి మార్పించి, పేరున్న నటులతో గొంతు చెప్పించి, పెద్ద డబ్బాలో పటం, పాటల సీడీ పెట్టి ఇచ్చారు. మొదటి రోజే 18,000 డబ్బాలు పోయాయి. తర్వాత 'విచర్' గేములు తీసింది వాళ్లే. తాళాలు లేకుండా గేములు అమ్మే గాగ్ దుకాణాన్ని 2008లో తెరిచిందీ వాళ్లే. సంతలో ఎదురుగా కాపీ అమ్మేవాడి కంటే ఎక్కువ ఇస్తే జనం కొంటారని వాడికి తెలుసు, ఎందుకంటే వాడూ ఆ బల్ల వెనుక నిలబడ్డవాడే.

మన దగ్గర అలాంటివాడు ఒక్కడు కూడా ఎందుకు పుట్టలేదన్నదే నా బాధ. వైస్ సిటీ మిషన్లు మనం సగం ఊహించుకుని ఆడాము.

అర్ధరాత్రి_ఆటగాడు
మిషన్లా? చీట్ కోడు కొట్టి ట్యాంకు తెప్పించుకోవడమే నాకు తెలిసిన కథ.

డీటీపీ_మాస్టారు
గేముల సంగతి నాకు తెలియదు, మనవడి ఫోనులో చూడటమే. కానీ కాపీల మీద మాట్లాడే హక్కు నాకు మీ అందరికంటే ఎక్కువ.

తెనాలిలో డీటీపీ పెట్టి చాలా కాలమైంది. పుటలు కూర్చడానికి పేజ్‌మేకర్, దాని మీద 'అను' అనే పేరున్న తెలుగు ఫాంట్లు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ ఊరి డీటీపీలోకి వెళ్లినా ఈ రెండే కనిపించేవి. అసలు లైసెన్సుతో తయారైన పెళ్లి శుభలేఖలే చెల్లుతాయని ఎవరైనా చట్టం తెస్తే, ఎన్ని జంటలు మళ్లీ పీటల మీద కూర్చోవాలో! నేను ఫాంట్లు మాత్రం కొన్నాను. పక్క షాపువాడు నన్ను చూసి నవ్వాడు. వాడు కంప్యూటరు కొన్నప్పుడే అన్నీ వేసి ఇచ్చారట.

నాకు తెలిసిన తేడా ఒకటి చెబుతాను. పేజ్‌మేకర్ చివరి రూపం 7.0, అది 2001లో వచ్చింది. అడోబీ వాళ్లు దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్‌కు వెళ్లిపోయారు. కొందామని డబ్బు పట్టుకుని వెళ్లినా అమ్మేవాడు లేడు. పాత ఫైళ్లు తెరవాలంటే అదే కావాలి. అక్కడ కాపీ వాడితే నాకు నిద్ర పట్టకపోవడం ఉండదు. తెలుగు ఫాంట్లు గీసినవాడు మాత్రం మనవాడు. ఒక్కో అక్షరానికి ఒత్తులు, గుణింతాలు, కలిపి ఎన్ని వందల రూపాలు గీయాలో చేసినవాడికే తెలుస్తుంది. వాడి పొట్ట కొట్టి, తర్వాత 'తెలుగులో మంచి ఫాంట్లు రావడం లేదు' అని సభల్లో ఉపన్యాసాలిచ్చారు.

పరిశోధన_పద్మ
మాస్టారూ, ఇప్పుడు సిలికానాంధ్ర పూనికతో వచ్చిన మండలి, గిడుగు, సురవరం, పెద్దన లాంటివి అందరూ ఉచితంగా వాడుకునే లైసెన్సుతో ఉన్నాయి. గూగుల్ ఫాంట్లలో దొరుకుతాయి.

డీటీపీ_మాస్టారు
తెలుసమ్మా, వాడుతున్నాను. అవి ఉచితంగా ఇద్దామని ఇచ్చినవి. ఇచ్చేవాడు చేయి చాచి ఇవ్వడం వేరు, మనం జేబులోంచి తీసుకోవడం వేరు.

గ్రంథాలయ_గౌరి
పాత గేముల మాట వచ్చింది కాబట్టి. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఒక లెక్క తీసింది. అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు ఏ దుకాణంలోనూ కొత్తగా కొనడానికి దొరకవు. నింటెండో 2023 మార్చి 27న తన 3డీఎస్, వీ యూ ఆట యంత్రాల ఆన్‌లైన్ దుకాణాలను మూసేసింది. డిస్కు రూపంలో రాకుండా అక్కడ మాత్రమే అమ్మినవి దానితో పోయినట్టే. గ్రంథాలయాలు అలాంటి గేములను పరిశోధకులకు దూరం నుంచి చూపించడానికి అనుమతి అడిగితే, 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం కుదరదంది. పాత గేముల మార్కెట్టు దెబ్బతింటుందట. అమ్మని వస్తువుకు మార్కెట్టు ఎక్కడిది?

నేను పనిచేసేది పుస్తకాల గ్రంథాలయంలో. పుస్తకానికి ఒక అదృష్టం ఉంది. ప్రచురణకర్త మూసేసినా కాగితం అలమరలో ఉంటుంది. ఈ-పుస్తకానికి ఆ అదృష్టం లేదు. 2009లో అమెజాన్ అమ్మిన ఆర్వెల్ పుస్తకాలను, అమ్మినవాడికి హక్కుల్లేవని తెలిశాక, పాఠకుల కిండిల్‌లలోంచి చెప్పకుండా తుడిచేసింది. డబ్బు తిరిగి ఇచ్చారు, తర్వాత క్షమాపణా చెప్పారు. కానీ రాత్రికి రాత్రి మన అలమరలో చేయి పెట్టగలరని అప్పుడే తెలిసింది.

రేపు ఈ కాలపు గేముల చరిత్ర రాయాలంటే, అభిమానులు దొంగచాటుగా దాచిన కాపీలే ఆధారం అవుతాయి. చట్టం వాళ్లను దొంగలంటుంది, నేను భద్రపరిచేవాళ్లు అంటాను.

కామేశం_కోడ్
గౌరి గారూ, పాత గేముల విషయంలో మీతో గొడవ లేదు. కానీ ఆ సైట్లకు వెళ్లి చూడండి, మొదటి పేజీలో ఏముంటుంది? 1995 నాటి గేము ఉండదు. పోయిన శుక్రవారం విడుదలైంది ఉంటుంది. భద్రపరచడం అన్న మాట వెనుక మిగతావాళ్లంతా దాక్కుంటున్నారు.

గ్రంథాలయ_గౌరి
దాక్కున్నవాళ్ల కోసం గోడ కూల్చేస్తే నా అలమర కూడా పోతుంది కామేశం గారూ.

టికెట్టు_దొరకలేదు
అందరూ గేములంటారు, ఇంటింటా ఐబొమ్మ చూసినవాళ్లే. 2025 నవంబరులో దాన్ని నడిపినతన్ని హైదరాబాదులో పట్టుకున్నప్పుడు రాబిన్‌హుడ్ అని పొగిడింది మనవాళ్లు కాదా? విడుదలైన వారం కుటుంబంతో సినిమాకు వెళితే టికెట్లు, పార్కింగు, పాప్‌కార్న్ కలిపి ఎంతవుతుందో ఒకసారి లెక్కేయండి. 2013లో 'అత్తారింటికి దారేది' సగం సినిమా విడుదలకు ముందే బయటికి వచ్చేసింది. ఆగిన విడుదలను సెప్టెంబరు 27కు జరిపారు. ఏమైంది? రికార్డులు బద్దలయ్యాయి.

న్యూజెర్సీ_నాని
ఆ రాబిన్‌హుడ్ ఉన్నవాళ్ల దగ్గర తీసుకుని లేనివాళ్లకు పంచలేదు. బెట్టింగ్ యాప్‌ల ప్రకటనల మీద సంపాదించాడని పోలీసులు చెప్పారు. మీరు ఉచితంగా చూసినది సినిమా, ఆయన అమ్ముకున్నది మిమ్మల్ని.

పెద్ద హీరో సినిమా లీకైతే అభిమానులు పంతం పట్టి థియేటరుకు వెళ్లారు. కొత్తవాళ్ల చిన్న సినిమాకు ఆ పంతం ఎవరు పడతారు?

అర్ధరాత్రి_ఆటగాడు
పాప్‌కార్న్ ధర మీద మాత్రం టికెట్టు గారితో ఏకీభవిస్తున్నాను. అది అసలైన దోపిడీ.

నిర్వాహకుడు
సినిమా టికెట్ల ధరల మీద వేరే చర్చ నడుస్తోంది, పాప్‌కార్న్ అక్కడికి తీసుకెళ్లండి.

సెక్షన్_52
చట్టం గురించి రెండు మాటలు. ఇది సలహా కాదు, సమాచారం.

1957 కాపీరైట్ చట్టంలో 63బి అని ఒక సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసి కూడా కంప్యూటరు ప్రోగ్రామును వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి రెండు లక్షల దాకా జరిమానా. లాభం కోసం, వ్యాపారం కోసం కాకుండా వాడితే కోర్టు జైలు లేకుండా 50,000 లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు. కాబట్టి 'ఇంట్లో ఆడుకుంటే నేరం కాదు' అన్న మాట తప్పు. డీటీపీ షాపులకు ఆ మినహాయింపు కూడా లేదు, మాస్టారు గమనించాలి.

రెండో వైపు, 52(1)(ఏఏ). న్యాయంగా సంపాదించిన ప్రోగ్రామును, అది ఏ పనికి ఇచ్చారో ఆ పనికి వాడుకోవడానికి కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. పాడైపోతుందన్న భయంతో తాత్కాలికంగా నకలు దాచుకోవచ్చు. 2012లో చేర్చిన 65ఏ ప్రకారం తాళం పగలగొట్టడం నేరమే, కానీ చట్టం నిషేధించని పని కోసం పగలగొడితే మినహాయింపు ఉంది. అమెరికా చట్టంలో ఇంత వెసులుబాటు లేదు.

శేషు గారికి చిక్కు ఎక్కడంటే, చట్టం చెప్పేది ఆయన దగ్గరున్న కాపీ నుంచి చేసుకునే నకలు గురించి. ఎవరో మార్చి ఎక్కించినదాన్ని దింపుకోవడం వేరు. పైగా లైసెన్సు రద్దయ్యాక ఆయన 'న్యాయంగా కలిగి ఉన్నవాడు' అవునా కాదా అని కంపెనీ వాదిస్తుంది.

స్టీరింగ్_శేషు
అంటే నా డబ్బుతో కొన్నదాన్ని వాళ్లు రద్దు చేస్తే, నేను నేరస్థుడినా? భలే ఉంది.

సెక్షన్_52
అందుకే క్రాక్ గురించి కాకుండా మీ డబ్బు గురించి ఆలోచించండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, కంపెనీ ఎక్కడిదైనా. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే రుసుము లేదు. కారణం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. ముందు 1915కు ఫోను చేసి నమోదు చేయించండి. కొనేటప్పుడు అది అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పారా లేదా అన్నదే మీ వాదన. కాలిఫోర్నియాలో ఆ సంగతి కొనే ముందే చెప్పాలని చట్టం చేశారు, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మన దగ్గర అలాంటిది లేదు, కానీ తప్పుదారి పట్టించే ప్రకటన కింద వాదించవచ్చు. గెలుస్తారని హామీ ఇవ్వను.

పరిశోధన_పద్మ
శేషు గారూ, దింపుకునేముందు ఇంకో సంగతి. 2021లో అవాస్ట్ అనే యాంటీవైరసు కంపెనీ వాళ్లు 'క్రాకనోష్' అనే వైరసును బయటపెట్టారు. క్రాక్ చేసిన గేముల్లో దూరి, యాంటీవైరసును ఆపేసి, ఆడేవాడి కంప్యూటరుతో మొనెరో అనే క్రిప్టో నాణేలు తవ్వించేది. 2,22,000 కంప్యూటర్లకు అంటుకుంది, దాని యజమానులు 20 లక్షల డాలర్ల పైన సంపాదించారు. కరెంటు బిల్లు ఆడేవాడిది.

అర్ధరాత్రి_ఆటగాడు
మా గదిలో ఫ్యాను కంటే లాప్‌టాప్ ఎక్కువ గాలి కొడుతుంది. ఇప్పుడు అనుమానం వస్తోంది.

పాత_సీడీ
అన్నీ చీకటి దారులే కావు. 'సిటీ ఆఫ్ హీరోస్' అనే గేమును 2012లో మూసేశారు. అభిమానులు కొందరు రహస్యంగా సొంత సర్వరు నడిపారు, 2019లో ఆ గుట్టు బయటపడింది. ఆ కోడుతో అభిమానులు 'హోమ్‌కమింగ్' అనే సర్వరు పెట్టారు. కంపెనీ కేసు వేస్తుందనుకున్నారు. 2024 జనవరిలో అదే కంపెనీ, ఎన్‌సీసాఫ్ట్, హోమ్‌కమింగ్ వాళ్లకు అధికారికంగా లైసెన్సు ఇచ్చింది. పదకొండేళ్లుగా తాము వదిలేసినదాన్ని నిలబెట్టింది అభిమానులేనని ఒప్పుకున్నట్టే కదా.

కామేశం_కోడ్
అది మంచి ఉదాహరణ. మూసిన గేమును అభిమానులకు ఇచ్చేయడంలో నిజమైన ఇబ్బందులు కొన్ని ఉన్నాయి, పాటల హక్కులు, కార్ల కంపెనీల లోగోలు, వేరేవాళ్ల దగ్గర అద్దెకు తెచ్చిన కోడు. కార్ల గేముల్లో మరీ ఎక్కువ. కానీ మొదటి రోజే ఆ ఆలోచనతో తయారుచేస్తే అసాధ్యమేమీ కాదు. శేషు గారి గేము చేసినవాళ్లకు ఆ ఆలోచన లేదు, అంతే. ఆయన దింపుకుంటే నేను తప్పు పట్టను. మా గేమును రేపు మేము ఆపేసినా ఇదే చెబుతాను.

స్టీరింగ్_శేషు
అందరికీ ధన్యవాదాలు. 1915కు ఫోను చేశాను, ఫిర్యాదు సంఖ్య ఇచ్చారు. పద్మ గారి మాట విని ఆ ఫైలును వెతకడం ప్రస్తుతానికి ఆపాను. మా ఆవిడ నెగ్గిందని మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పకండి.

హాస్టల్_గది_14
కామేశం అన్నా, మీ గేము పేరు చెప్పండి, చూస్తాను.

కామేశం_కోడ్
ఇక్కడ చెబితే నిర్వాహకుడు ప్రచారం అంటాడు. నా ప్రొఫైలులో ఉంది. ఉచిత డెమో కూడా ఉంది, మొదటి రెండు దశలు. తెలుగులో ఆడవచ్చు.

హాస్టల్_గది_14
బాగుంది అన్నా, నిజంగా. సంగీతం ఎవరు చేశారు? ఒక లోపం మాత్రం ఉంది. తెలుగు పెడితే ఒత్తులు విరిగిపోతున్నాయి. ఐదో దశలో కోటలోకి వెళ్లాక ముసలావిడ చెప్పే మాటల్లో 'లక్ష్మి' అన్నచోట క, ష, మ విడివిడిగా వస్తున్నాయి.

డీటీపీ_మాస్టారు
అది ఫాంటు తప్పు కాదు బాబూ. అక్షరాలను కలిపే షేపింగ్ పని ఆ గేము ఇంజను చేయడం లేదు. హార్ఫ్‌బజ్ అని ఉచిత లైబ్రరీ ఉంది, దాన్ని కలిపితే సరిపోతుంది. నా దగ్గర పరీక్షించడానికి కష్టమైన తెలుగు మాటల జాబితా ఉంది, పంపిస్తాను.

కామేశం_కోడ్
మాస్టారూ, తప్పక పంపండి. మొదటి దశల్లో మాటలు తేలికైనవి కాబట్టి మాకు కనిపించలేదు.

తమ్ముడూ, డెమోలో రెండు దశలే ఉన్నాయి కదా. ఐదో దశ ఎక్కడ చూశావు?

అర్ధరాత్రి_ఆటగాడు
😂😂😂

హాస్టల్_గది_14
పక్క గదిలో స్నేహితుడు ఆడుతుంటే చూశాను.

కామేశం_కోడ్
ఆ స్నేహితుడికి చెప్పు, ఒత్తులు సరిచేసిన కొత్త రూపం వచ్చే శుక్రవారం వస్తుంది. స్టీములో కొన్నవాళ్లకు దానంతట అదే చేరుతుంది. మిగతావాళ్లు ముసలావిడ చెప్పింది కూడబలుక్కుని చదువుకోవాలి.

హాస్టల్_గది_14
తగ్గింపు ఎప్పుడు పెడతారు అన్నా?